మందుల గది తాళం ఎవరి చేతిలో?

సిద్దిపేట: డాక్టరు వుంటారు, నర్సమ్మ వుంటుంది, బీరువాలో మందు కూడా వుంటుంది. అయినా రోగి చేతికి మందు అందదు. ఎందుకని అడిగితే ఫార్మసిస్టు సెలవులో వున్నారని, తాళం ఆయన దగ్గరే వున్నదని సమాధానం వస్తుంది. సర్కారు దవాఖానా మెట్లెక్కే పల్లె ప్రజలకు ఇది కొత్త మాట కాదు. దీనికి పూర్తిగా వ్యతిరేకమైన పరిస్థితి కూడా పల్లెల్లో కనిపిస్తుంది. ఫార్మసిస్టు లేని రోజున మందుల గది తలుపు బార్లా తెరిచి వుంటుంది. ఎవరికి తోచిన డబ్బాలోంచి వారు గోలీలు తీసి కాగితంలో చుట్టి ఇస్తారు. ఏ మందు ఎవరికి, ఎంత ఇచ్చారన్న లెక్క ఎక్కడా వుండదు.

ఈ రెండూ ఒకే లోపానికి రెండు ముఖాలు. ఫార్మసిస్టు లేనప్పుడు మందులు ఎవరు తీయాలి, వేటిని తీయాలి, ఎక్కడ రాయాలి అన్నది ముందుగా కాగితం మీద నిర్ణయం కాకపోతే గది మూసి వున్నా ప్రమాదమే, తెరిచి వున్నా ప్రమాదమే. సర్కారు వైద్యం గురించి చర్చ జరిగినప్పుడల్లా డాక్టర్ల కొరత, మందుల కొరత ముందుకు వస్తాయి. వచ్చిన మందు బీరువా నుంచి రోగి చేతికి చేరే ఆ నాలుగడుగుల దారి గురించి మాట్లాడేవారు తక్కువ.

గైరుహాజరీ మామూలు సంగతే

ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి సాధారణంగా ఒక్క ఫార్మసిస్టు పోస్టు వుంటుంది. కాన్పులు చేసే కేంద్రాలు రాత్రింబవళ్లు నడవాలి. వారానికి 168 గంటలు. ఫార్మసిస్టు ఉదయం 9 నుంచి సాయంత్రం 4 దాకా ఆరు రోజులూ తప్పకుండా వచ్చినా 42 గంటలే అవుతాయి. మిగిలిన 126 గంటలు, అంటే నాలుగింట మూడు వంతుల కాలం, ఆయన అక్కడ వుండరు. ఇందులో ఆయన తప్పేమీ లేదు. ఒక మనిషి ఉద్యోగం అంతవరకే. దీనికి తోడు పండుగలు, సెలవులు, శిక్షణలు, సమావేశాలు, మరో కేంద్రంలో ఇన్‌చార్జి బాధ్యతలు వుండనే వుంటాయి.

కాబట్టి ఫార్మసిస్టు లేకపోవడం అనుకోకుండా వచ్చే ఇబ్బంది కాదు. వారంలో ఎక్కువ భాగం వుండే పరిస్థితే అది. ఏర్పాట్లు మాత్రం ఆయన ఎప్పుడూ అక్కడే వుంటారన్న లెక్కన జరుగుతున్నాయి. చిక్కంతా ఇక్కడే వుంది.

కొమురవెల్లి మల్లన్న జాతర సంగతే చూడండి. సంక్రాంతి తర్వాత మొదలై ఉగాది దాకా సాగే ఈ జాతరకు జనం ఎక్కువగా వచ్చేది ఆదివారాలే. ప్రభుత్వ కార్యాలయాలకు అది సెలవు రోజు. ఎండదెబ్బ, వాంతులు, విరేచనాలు, తొక్కిసలాటలో దెబ్బలు ఆదివారమని ఆగవు. జాతర కోసం ప్రత్యేక శిబిరాలు పెడతారు కనుక అక్కడ కొంత నయం. చుట్టుపక్కల పల్లెల్లో మామూలు ఆదివారం నాడు జ్వరం వచ్చిన పిల్లవాడికి అటువంటి శిబిరం ఏదీ వుండదు.

మూసి వుంటే ఒక ప్రమాదం

జిల్లాలో రిజర్వాయర్లు నిండి వరి మళ్లు పెరిగాయి. వానాకాలం నాట్ల రోజుల్లో తెల్లవారుజామున మడికి నీళ్లు పెట్టబోయిన రైతును పాము కరిచిందనుకుందాం. మన దేశంలో తయారయ్యే పాము విషపు విరుగుడు మందు నాగుపాము, కట్లపాము, రక్తపింజరి, ఇసుక పింజరి అనే నాలుగు రకాల విషానికి పనిచేస్తుంది. విషం ఎక్కిన లక్షణాలు కనిపిస్తే మొదటి విడతలోనే 8 నుంచి 10 సీసాల దాకా ఎక్కించవలసి వుంటుంది. అది వికటిస్తే వెంటనే ఇవ్వడానికి అడ్రినలిన్ సూది పక్కనే వుండాలి. కేంద్ర ప్రభుత్వం 2024 నవంబరులో పాము కాటు కేసులన్నిటినీ తప్పక నమోదు చేయవలసిన జాబితాలో చేర్చాలని రాష్ట్రాలను కోరింది. నమోదు మంచిదే. సీసాలు వున్న బీరువా తాళంచెవి పది కిలోమీటర్ల దూరంలో వుంటే మాత్రం ఆ నమోదు వల్ల రోగికి ఒరిగేది లేదు.

కాన్పు తర్వాత రక్తస్రావం మరో ఉదాహరణ. బిడ్డ పుట్టగానే ఇచ్చే ఆక్సిటోసిన్ సూది తల్లి ప్రాణం కాపాడుతుంది. దాన్ని 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో నిల్వ చేయాలి. గుర్రపు వాతం వచ్చిన గర్భిణికి మెగ్నీషియం సల్ఫేటు ఇవ్వాలి. ఇవి గంటల్లో కాదు, నిమిషాల్లో అందవలసిన మందులు. అందుకే ప్రసూతి గదిలో ఏడు ట్రేలు సిద్ధంగా వుండాలని, వాటిలో ఒకటి అత్యవసర మందుల ట్రే కావాలని కేంద్ర ఆరోగ్యశాఖ మార్గదర్శకాలు ఏనాడో చెప్పాయి. అంటే కొన్ని మందులు మందుల గదిలో కాక పని జరిగే చోటే వుండాలన్న సూత్రాన్ని ప్రభుత్వం ఎప్పుడో ఒప్పుకున్నది. మిగిలిన అత్యవసర మందులకు కూడా అదే సూత్రాన్ని వర్తింపజేయవలసి వుంది.

తెరిచి వుంటే మరో ప్రమాదం

అయితే తాళం తీసేస్తే సరిపోదా అనేవారు వున్నారు. ఇది మరింత ప్రమాదకరమైన ఆలోచన. షుగర్ రోగి వేసుకునే గ్లిమిపిరైడ్ గోలీ పొరపాటున బీపీ రోగికి వెళితే రక్తంలో చక్కెర పడిపోయి మనిషి స్పృహ తప్పవచ్చు, ప్రాణం మీదికి కూడా రావచ్చు. పైకి చూస్తే రెండూ చిన్న తెల్ల గోలీలే కావచ్చు. పిల్లల జ్వరానికి ఇచ్చే పారాసిటమాల్ సిరప్‌లో 5 మిల్లీలీటర్లకు 125 మిల్లీగ్రాములు వుండే రకం వుంది, 250 వుండే రకం వుంది. చుక్కల మందులో మందు మోతాదు ఇంకా చిక్కగా వుంటుంది. "ఒక మూత పొయ్యండి" అని చెప్పి పంపితే ఏ సీసాలో ఏమున్నదో తల్లికి ఎట్లా తెలుస్తుంది?

రోగికి చీటీ ప్రకారం గోలీలు లెక్కపెట్టి ఇవ్వడం ఎవరైనా చేయగల పనిలా కనిపిస్తుంది. చీటీలో రాసిన మందు, మోతాదు, రోగి వయసు, అప్పటికే వాడుతున్న ఇతర మందులు కలిపి చూసి ఎక్కడైనా తేడా వుంటే డాక్టరును అడగడం ఫార్మసిస్టు పని. పల్లెల్లో ఇప్పటికీ కాంపౌండరు అని పిలుచుకునే ఆ మనిషి చేతిలో రోగికి చివరి కాపలా వుంది. ఆ కాపలా లేని గంటల్లో దానికి బదులు ఏదో ఒకటి వుండాలి.

దొంగతనం సంగతి కూడా దాచవలసినది కాదు. నిద్ర గోలీలు, మత్తునిచ్చే నొప్పి సూదులు బయట గిరాకీ వున్న సరుకు. మన ప్రాంతంలో కల్తీ కల్లులో కలిపేది కూడా ఈ జాతి మందులే. డైజిపామ్, ఆల్ప్రాజొలామ్ పేర్లు వైద్యం తెలియని వారికి కూడా తెలిసిపోవడానికి కారణం అదే. 2015 సెప్టెంబరులో కల్తీ కల్లుపై దాడులు జరిగి సరఫరా ఒక్కసారిగా ఆగినప్పుడు నిజామాబాద్, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో అలవాటు పడినవారు వణుకుతో, ఫిట్సుతో, మతి తప్పి ఆస్పత్రుల పాలయ్యారు. 2025 జులైలో హైదరాబాదు కూకట్‌పల్లి ప్రాంతంలో కల్తీ కల్లు తాగి పలువురు మరణించారు. ఇటువంటి రాష్ట్రంలో దవాఖానాలోని నిద్ర గోలీల డబ్బాను పారాసిటమాల్ డబ్బా పక్కన వుంచడం తగని పని.

చట్టం ఏమంటున్నది

1948 నాటి ఫార్మసీ చట్టం 42వ సెక్షన్ ప్రకారం డాక్టరు చీటీ మీద మందు కలిపి ఇవ్వవలసినది రిజిస్టరైన ఫార్మసిస్టే. డాక్టరు తన రోగికి తానే మందు ఇచ్చుకోవడానికి మినహాయింపు వున్నది. 1945 నాటి ఔషధ నిబంధనల్లోని షెడ్యూల్ కె ప్రభుత్వ ఆస్పత్రులకు అమ్మకపు లైసెన్సు అవసరం లేదని చెబుతూనే, మందులు అర్హత గల వ్యక్తి చేతుల మీదుగా లేదా ఆ వ్యక్తి పర్యవేక్షణలో ఇవ్వాలని, సరైన పద్ధతిలో నిల్వ చేయాలని, ఇన్‌స్పెక్టరు తనిఖీకి తెరిచి వుంచాలని షరతులు పెట్టింది. అదే షెడ్యూలు మరోచోట ప్రభుత్వ ఆరోగ్య, కుటుంబ సంక్షేమ కార్యక్రమాల కింద ఏఎన్ఎంలు, నర్సులు, అంగన్‌వాడీ కార్యకర్తలు ఇచ్చే మందులకు అమ్మకపు లైసెన్సు నుంచి మినహాయింపు ఇచ్చింది.

అంటే చట్టం పల్లెను పూర్తిగా మరిచిపోలేదు. ఫార్మసిస్టు లేని ఉపకేంద్రంలో నర్సమ్మ ఐరన్ గోలీలు ఇస్తే అది నేరం కాదు. అదే సమయంలో ఎవరైనా ఏ మందైనా ఇవ్వవచ్చని కూడా చట్టం అనలేదు. ఈ రెండింటి మధ్య వున్న జాగాలో స్థానికంగా రాతపూర్వకమైన ఆదేశం కావాలి. ఆ కాగితం లేనిచోట సిబ్బంది భయపడతారు. మందు ఇస్తే రేపు ఆడిట్‌లో లెక్క తేలకపోతే జీతంలో కోస్తారని భయం. ఇవ్వకపోతే రోగి బంధువులు గొడవకు వస్తారని భయం. రెండు భయాల మధ్య తాళం వేసి వుంచడమే క్షేమమని వారికి తోచడంలో వింత లేదు. వారిని నిందించి ప్రయోజనం లేదు.

పల్లె దవాఖానాల లెక్క వేరు

మైదాన ప్రాంతంలో 30 వేల జనాభాకు ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రం, 5 వేల జనాభాకు ఒక ఉపకేంద్రం అన్నది ప్రమాణం. ఉపకేంద్రాలను పల్లె దవాఖానాలుగా మార్చిన తర్వాత వాటి పని పెరిగింది. ఒకప్పుడు టీకాలు, ఐరన్ గోలీలు, ఓఆర్ఎస్ పొట్లాల వరకే పరిమితమైన చోట ఇప్పుడు బీపీ, షుగర్ మందులు సహా ఎన్నో రకాలు వుండాలి. కేంద్రం 2022లో సవరించిన ప్రమాణాల ప్రకారం ఈ స్థాయి కేంద్రంలో వందకు పైగా రకాల మందులు అందుబాటులో వుండాలి. ఫార్మసిస్టు పోస్టు మాత్రం అక్కడ లేదు.

పీహెచ్‌సీలో ఫార్మసిస్టు కొన్ని గంటలు వుండకపోవడం సమస్య అయితే, పల్లె దవాఖానాలో ఆయన అసలే లేకపోవడం సమస్య. అక్కడ వుండే ఎంఎల్‌హెచ్‌పీ, ఏఎన్ఎం ఇద్దరూ రోగిని చూడాలి, మందు ఇవ్వాలి, లెక్క రాయాలి, వూళ్లు తిరగాలి. వారు ఇంటింటి సందర్శనకు వెళ్లినప్పుడు కేంద్రానికి తాళం పడుతుంది. నెలకోసారి బీపీ గోలీల కోసం కూలి మానుకుని వచ్చిన ముసలమ్మ ఆ తాళం చూసి వెనుదిరుగుతుంది. రెండు రోజులు గోలీ మానేస్తే ఏం కాదులే అనుకుంటుంది. పక్షవాతాలు ఇట్లాంటి చోటే మొదలవుతాయి. మందులు పంచే రోజు, వేళ తలుపు మీద రాసి పెట్టి దాన్ని తప్పకుండా పాటిస్తే ఈ బాధ చాలావరకు తీరుతుంది. దీనికి రూపాయి ఖర్చు లేదు.

చేయదగిన ఏర్పాటు

ఫార్మసిస్టు లేని వేళల కోసం పెద్ద మందుల గది తాళాన్ని అందరికీ పంచవలసిన పని లేదు. మందుల గది మూసే వుండాలి. దాని బదులు ఒక చిన్న బీరువాను వేరుగా ఏర్పాటు చేయాలి. దాన్ని రాత్రి బీరువా అనవచ్చు. అందులో ఏయే మందులు, ఎన్నెన్ని వుండాలో వైద్యాధికారి సంతకంతో ఒక జాబితా తలుపు లోపలి వైపు అతికించాలి. పాము విషపు విరుగుడు, అడ్రినలిన్, ఫిట్సుకు ఇచ్చే సూది, జ్వరం మందు, ఓఆర్ఎస్, ఉబ్బసానికి వాడే మందు, రెండు మూడు రకాల యాంటీబయాటిక్స్ వంటివి ఆ కేంద్రం అవసరాన్ని బట్టి పదిహేను ఇరవై రకాలు చాలు. చల్లగా వుంచవలసినవి ఫ్రిజ్‌లోనే వుంటాయి, వాటి పేరు మాత్రం జాబితాలో వుంటుంది.

ఆ బీరువా తాళంచెవి డ్యూటీలో వున్న నర్సు దగ్గర వుండాలి. డ్యూటీ మారినప్పుడు చెవితో పాటు లెక్క కూడా చేతులు మారాలి. దిగిపోయే నర్సు, ఎక్కే నర్సు ఇద్దరూ కలిసి లెక్కపెట్టి పుస్తకంలో సంతకాలు చేయాలి. మందు తీసినప్పుడు రోగి పేరు, మందు పేరు, బ్యాచ్ నంబరు, ఎన్ని ఇచ్చారు, ఎవరు చెబితే ఇచ్చారు అన్నవి ఒక్క వరుసలో రాయాలి. డాక్టరు ఫోనులో చెబితే ఆ మాట నర్సు తిరిగి చదివి వినిపించి రాసుకోవాలి, మర్నాడు డాక్టరు దాని మీద సంతకం పెట్టాలి. ఉదయం ఫార్మసిస్టు వచ్చి ఖర్చయిన వాటిని నింపి, రాత్రి ఇచ్చిన మందులన్నీ ఒకసారి చూసుకోవాలి. తేడా కనిపిస్తే ఆ రోజే రోగికి కబురు పెట్టవచ్చు. మనిషి లేని గంటల్లో తప్పిపోయిన కాపలా ఈ విధంగా కొద్ది ఆలస్యంతోనైనా తిరిగి వస్తుంది.

పెద్ద గది మారు తాళంచెవిని సీలు వేసిన కవరులో వైద్యాధికారి అదుపులో వుంచాలి. తప్పనిసరై తీయవలసి వస్తే ఇద్దరు కలిసి తీయాలి, ఎందుకు తీశారో రాయాలి, కవరు మళ్లీ సీలు వేయాలి. సీలు చిరిగిన కవరుకు పుస్తకంలో వివరణ లేకపోతే అప్పుడు విచారణ జరగాలి. నిద్ర గోలీలు, మత్తు సూదులకు బీరువాలో బీరువా, రెండు తాళాలు, రెండు చెవులు ఇద్దరి దగ్గర వుండాలి. వాడిన సూది మందు ఖాళీ సీసాలను కూడా లెక్కకు అప్పగించాలి. ట్రమడాల్ వంటి నొప్పి మందును సైతం 2018 ఏప్రిల్‌లో మత్తు పదార్థాల చట్టం పరిధిలోకి తెచ్చిన సంగతి మరవరాదు.

మన దగ్గర నడిచిన పద్ధతులే

ఇదంతా పట్నపు కార్పొరేట్ ఆస్పత్రులకే సాధ్యమనుకోవడం పొరపాటు. ఇటువంటి పద్ధతులు మన పల్లెలకు కొత్త కావు. క్షయ నివారణ కార్యక్రమంలో చాలా ఏళ్లపాటు రోగికొక పెట్టె పద్ధతి నడిచింది. ఒక రోగికి చికిత్స పూర్తయ్యేదాకా కావలసిన మందులన్నీ ఒకే పెట్టెలో అతని పేరు రాసి పక్కన పెట్టేవారు. ఆ పెట్టె వేరొకరికి వాడకూడదు. మందు మింగించిన వారు కార్డులో గుర్తు పెట్టేవారు. ఆశా కార్యకర్తలు, అంగన్‌వాడీ టీచర్లు కూడా ఆ పని చేశారు. ఫార్మసిస్టు ఒకసారి సరిచూసి సర్దిన పెట్టె నెలల తరబడి ఆయన లేకుండానే పనిచేసింది.

కోవిడ్ రోజుల్లో, 2021 మేలోనూ 2022 జనవరిలోనూ, రాష్ట్రంలో ఇంటింటి జ్వర సర్వే జరిగింది. లక్షణాలు వున్నవారికి మందుల కిట్లు ఇంటి గడపలోనే ఇచ్చారు. ఇచ్చినవారు ఏఎన్ఎంలు, ఆశా కార్యకర్తలే. ముందుగానే లెక్కపెట్టి కట్టిన పొట్లం కావడం వల్లనే అది సాధ్యమైంది. బీపీ, షుగర్ రోగులకు కూడా ఇదే పద్ధతిలో నెల గోలీలు ముందుగా కట్టి, పేరు, పొద్దున ఎన్ని, రాత్రి ఎన్ని అన్నది తెలుగులో రాసి పెడితే పల్లె దవాఖానాలో పొరపాట్లు చాలా తగ్గుతాయి. చదువు రాని వారికి సూర్యుడు, చందమామ బొమ్మలు వేసినా సరిపోతుంది.

టీకాల ఫ్రిజ్ విషయంలో రోజుకు రెండుసార్లు, సెలవు రోజుల్లో సైతం, చల్లదనం ఎంతో చూసి రాయాలన్న నియమం దేశమంతటా వున్నది. ఆ చార్టు ఫ్రిజ్ తలుపు మీదే వుంటుంది. టీకాలకు పెట్టుకున్న క్రమశిక్షణ గోలీలకు ఎందుకు పెట్టుకోకూడదన్నది ఆలోచించవలసిన విషయం.

ఇతర దేశాల్లో కూడా ఇదే చిక్కు వచ్చింది. ఆస్ట్రేలియా ఉత్తర భూభాగంలో వందల కిలోమీటర్ల దాకా ఫార్మసిస్టు కనిపించని పల్లెలు వున్నాయి. అక్కడ నర్సులు, స్థానిక తెగల ఆరోగ్య కార్యకర్తలు ఒక చికిత్సా గ్రంథం ప్రకారం మందులు ఇస్తారు. ఏ లక్షణానికి ఏ మందు, ఎంత, ఎప్పుడు డాక్టరుకు ఫోను చేయాలి అన్నవి అందులో స్పష్టంగా వుంటాయి. 1992లో మొదటిసారి అచ్చయిన ఆ పుస్తకాన్ని ఎప్పటికప్పుడు సవరిస్తున్నారు. ఇంగ్లండులో 2000 సంవత్సరం నుంచి నర్సులు కొన్ని మందులను ముందే సంతకాలైన రాతపూర్వక ఆదేశం ప్రకారం ఇవ్వడానికి చట్టం వీలు కల్పించింది. రెండు చోట్లా మనిషి లేని లోటును కాగితం కొంత తీర్చింది. కాగితం ముందు, మందు తర్వాత అన్నదే అక్కడి నియమం.

లెక్క పుస్తకం రోగి కోసమే

రాత పని పెరుగుతుందన్న అభ్యంతరం సిబ్బంది నుంచి రావడం సహజం. మందుల రాక, పోక వివరాలను ఇప్పటికే ఈ-ఔషధి అనే కంప్యూటరు పద్ధతిలో ఎక్కిస్తున్నారు. దానికి తోడు మరో పుస్తకం ఎందుకని వారు అడుగుతారు. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా ప్రాంతంలో దగ్గు సిరప్ తాగిన చిన్నపిల్లలు ఇరవై మందికి పైగా మరణించారు. ఆ సిరప్‌లో డైఇథిలిన్ గ్లైకాల్ అనే విషం వున్నట్లు తేలింది. ఆ బ్యాచ్ మందు ఎవరూ వాడవద్దని తెలంగాణ ఔషధ నియంత్రణ సంస్థ కూడా హెచ్చరిక జారీ చేసింది.

ఇటువంటి హెచ్చరిక రేపు ఒక సర్కారు మందు మీద వస్తే ఏమవుతుంది? బీరువాలో మిగిలిన సీసాలను పక్కన పెట్టడం సులువు. నిన్న రాత్రి ఏ తల్లి చేతికి ఆ సీసా వెళ్లిందో తెలియాలంటే పుస్తకంలో బ్యాచ్ నంబరు వుండాలి. కంప్యూటరులో వున్నది కేంద్రానికి ఎన్ని సీసాలు వచ్చాయన్న లెక్క. వూరిలో ఏ ఇంటికి వెళ్లాయన్న లెక్క ఆ చిన్న పుస్తకంలోనే దొరుకుతుంది. గడువు తీరే తేదీల విషయం కూడా అంతే. ముందు గడువు తీరేది ముందు వాడాలన్న సూత్రం ప్రకారం సర్దకపోతే వెనక వరుస డబ్బాలు అక్కడే పాడైపోతాయి. ప్రజల సొమ్ము చెత్తకుప్ప పాలవుతుంది.

పోస్టులు భర్తీ కావలసిందే

బీరువా, పుస్తకం, సంతకాలు ఎన్ని పెట్టినా ఫార్మసిస్టుకు అవి పూర్తి బదులు కావు. ఖాళీలు వుంచుకుని ఈ ఏర్పాట్లతో సరిపెట్టుకుంటే మరో తప్పు జరుగుతుంది. వైద్య ఆరోగ్య సేవల నియామక బోర్డు 2024 సెప్టెంబరులో 633 ఫార్మసిస్టు గ్రేడ్-2 పోస్టులకు ప్రకటన ఇచ్చింది. ఆ ఏడాది నవంబరులో పరీక్ష జరిగింది. ఫార్మసీ చదివి ఉద్యోగం కోసం ఎదురుచూసే యువకులకు రాష్ట్రంలో కొదువ లేదు. ప్రతి పోస్టూ నిండాలి. నిండిన తర్వాత కూడా 126 గంటల లెక్క మారదు. అందుకే నియామకాలు, రాత్రి బీరువా రెండూ కావాలి. ఒకటి వచ్చేదాకా రెండోది ఆగవలసిన పని లేదు.

మరో చిన్న పని మండల స్థాయిలో చేయవచ్చు. ఫార్మసిస్టు నెలలో ఒక రోజు తన పరిధిలోని పల్లె దవాఖానాలకు వెళ్లి బీరువా సర్ది, గడువు తేదీలు చూసి, పొట్లాలు కట్టించి రావాలి. ఆ రోజు పీహెచ్‌సీలో రాత్రి బీరువా పద్ధతినే పగలు కూడా పాటించవచ్చు. ఆయన సెలవు పెట్టేటప్పుడు చెవులు, లెక్క ఎవరికి అప్పగించారో సెలవు చీటీ మీదనే రాయించాలి. అప్పగింత లేకుండా సెలవు మంజూరు చేయరాదు. ఆ తర్వాత కూడా గది తెరుచుకోకపోతే జవాబు చెప్పవలసినది ఎవరో అందరికీ తెలిసి వుంటుంది.

గ్రామస్థులు అడగవలసినవి

ఇది అధికారులకు మాత్రమే సంబంధించిన విషయం కాదు. పల్లె దవాఖానాకు జన ఆరోగ్య సమితి, పీహెచ్‌సీకి ఆస్పత్రి అభివృద్ధి సంఘం, గ్రామానికి ఆరోగ్య పారిశుద్ధ్య కమిటీ వున్నాయి. వీటిలో సర్పంచులకు, ఎన్నికైన ఇతర ప్రతినిధులకు స్థానం వున్నది. సమావేశాల్లో కొత్త గది కావాలని, రంగులు వేయించాలని అడగడంతో పాటు కొన్ని సూటి ప్రశ్నలు కూడా వేయాలి. రాత్రిపూట మందుల చెవి ఎవరి దగ్గర వుంటుంది? పాము కాటు మందు ఇవాళ ఎన్ని సీసాలు వున్నాయి, వాటి గడువు ఎప్పటిదాకా? ఫార్మసిస్టు లేని రోజున మందు ఇవ్వడానికి ఎవరికి రాతపూర్వక ఆదేశం వున్నది? ఆ ఆదేశం గోడ మీద వున్నదా? రాత్రి బీరువా లెక్క చివరిసారి ఎవరు సరిచూశారు? ఈ ప్రశ్నలకు జవాబు చెప్పలేని చోట ఏర్పాటు లేదని అర్థం.

రోగులు కూడా కొన్ని పాటించాలి. చీటీ లేకుండా పాత గోలీల రంగు చెప్పి అవే కావాలని పట్టుబట్టరాదు. ఇచ్చిన మందు పేరు చీటీ మీద వున్న పేరుతో కలుస్తున్నదా అని అడిగి తెలుసుకోవాలి. అడిగితే విసుక్కునేవారికి అది రోగి హక్కని నెమ్మదిగా చెప్పాలి. పట్టీ నుంచి కత్తిరించిన గోలీలయితే పేరు, గడువు తేదీ వున్న ముక్క చూపించమనాలి. నర్సు సూది ఇవ్వడానికి జంకితే, డాక్టరుకు ఫోను చేసి అడిగిన తర్వాతే ఇస్తానంటే ఆమె మీద కోపం తెచ్చుకోరాదు. ఆమె చేస్తున్నది మన మేలుకే. డాక్టరు లేడు కదా, నీకు తోచింది ఇవ్వు అని ఒత్తిడి చేయడం వల్ల ప్రాణాపాయమే కాని లాభం లేదు.

ఈ ఏర్పాటుకు కావలసినది ఒక చిన్న బీరువా, రెండు తాళాలు, ఒక గీతల పుస్తకం, వైద్యాధికారి సంతకంతో ఒక కాగితం. కొత్త భవనం అక్కరలేదు, కొత్త చట్టం అక్కరలేదు. జిల్లా వైద్య ఆరోగ్యశాఖ ఒక నమూనా ఆదేశం తయారుచేసి అన్ని పీహెచ్‌సీలకు, పల్లె దవాఖానాలకు పంపితే వానాకాలం నాట్లు మొదలయ్యేలోగానే పని పూర్తవుతుంది. పాములు తిరిగే కాలం, విషజ్వరాల కాలం కూడా అదే.